గేటు దాటేదాకా

మా మనవరాలికి వసపిట్ట అని పేరు పెట్టింది నేనే. నిద్ర లేచిన దగ్గర్నుంచి మళ్ళీ కళ్ళు మూతలు పడేదాకా దాని నోటికి విశ్రాంతి ఉండదు. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడుతుంది, నురగలోంచే. మా కోడలు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి చెప్పులైనా విప్పకముందే బడిలో ఎవరు ఎవర్ని గిల్లారో, ఎవరి పెన్సిలు ఎవరి సంచిలో దొరికిందో అంతా విని తీరాలి. "అత్తయ్యా, దీన్ని కన్నప్పుడే ఎక్కడో ఒక స్విచ్చి పెట్టించుకోవాల్సింది" అంటుంది కోడలు. నేను నవ్వేదాన్ని. ఆ గోల లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాల్సి వస్తుందని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడు చలికాలం మొండిది. పొద్దెక్కినా పొగమంచు విడిచేది కాదు. ఆరేసిన బట్టలు ఆరేవి కావు, అట్టముక్కల్లా బిగుసుకుపోయి తీగ మీద వేలాడేవి. మా వీధి చివర పాత ఇటుకల బట్టీ ఉంది. అది మూతపడ్డాక మట్టి తవ్విన గొయ్యిలో నీళ్ళు నిండి చెరువైంది. బట్టీ యజమాని దాంట్లో చేపపిల్లల్ని వదిలి, చుట్టూ కంచె కట్టి, గేటు పెట్టించాడు. ఆయన వలలు చిరిగితే బాగుచేసి పెట్టేది నేనే కాబట్టి, ఎప్పుడైనా వచ్చి గాలం వేసుకోమని నాకు చెప్పాడు. మామూలు చెరువైతే అడుగడుగుకీ మెల్లగా లోతు పెరుగుతుంది. ఇది అలాంటిది కాదు, తవ్విన గొయ్యి. గట్టు దాటితే గోడ దిగినట్టే.

ఒకరోజు పొద్దున్నే, మర్నాడు మోటారు పెట్టి నీళ్ళు తోడేస్తారనీ, ఉన్న చేపలన్నీ లారీకి ఎక్కించేస్తారనీ తెలిసింది. వసపిట్ట ఆ మాట విన్న దగ్గర్నుంచి నా కొంగు వదల్లేదు. ఎండలు వచ్చాక తీసుకెళ్తానని చెప్పి ఉన్నాను దానికి. ఎండలు వచ్చేసరికి అక్కడ చెరువే ఉండదు మరి.

"అత్తయ్యా, దగ్గు నిన్ననే తగ్గింది" అంది కోడలు, డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగి. "వెళితే వెళ్ళండి. చలి తగలనివ్వకండి. మీ కళ్ళ ముందు నుంచి మాత్రం దాన్ని కదలనివ్వకండి."

"నాకు చెప్తున్నావా? మీ ఆయన్ని పెంచింది ఎవరు?"

"ఆయన ఒంటి మీద ఉన్న మచ్చలన్నీ చూశాకే చెప్తున్నాను" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మాది చేపలు పట్టే ఇల్లు. మా మామగారి కాలం నుంచి ఒక పట్టింపు ఉంది. నీళ్ళ దగ్గర నోరు విప్పకూడదు. చేపలకు మనిషి గొంతు తెలుస్తుందని ఆయన నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు, చేపల్ని అడగలేదు. పెళ్ళయిన కొత్తలో పడవెక్కితే మా ఆయన నాతో ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. అలిగాడేమో అనుకుని నేనూ అలిగి కూర్చున్నాను. తర్వాత నేర్పాడు. తెడ్డుతో పడవ అంచు మీద ఒక్క దెబ్బ కొడితే ఎక్కడున్నావని అడిగినట్టు. రెండు దెబ్బలు కొడితే ఇక్కడున్నానని. ఆపకుండా టకటకా కొడుతూనే ఉంటే, ఉన్నది ఉన్నట్టు వదిలేసి వచ్చెయ్యమని. అది గాలి లేచినప్పుడు కొట్టేది. ఆ చప్పుడు వినపడితే చేతిలో ఏముందో చూసుకోకూడదు. వల పోయినా సరే, పడవ దగ్గరికి రావాల్సిందే. మా కాపురంలో సగం మాటలు చెక్క మీదే నడిచాయి. నోటితో ఎన్ని అబద్ధాలైనా చెప్పుకుని ఉంటాం గానీ, ఆ దెబ్బల్లో ఎప్పుడూ ఒకర్నొకరం మోసం చేసుకోలేదు.

వంటింట్లో పీట మీద గరిటెతో కొట్టి వసపిట్టకి ఆ మూడూ నేర్పాను. అది కంచం మీద కొట్టి అప్పజెప్పింది. తర్వాత పందెం పెట్టుకున్నాం. చెరువు గేటులో అడుగు పెట్టిన దగ్గర్నుంచి తిరిగి గేటు దాటేదాకా అది నోరు విప్పకూడదు. గెలిస్తే తాత వెదురు గాలం దానికే. మా ఆయన పోయాక ఆ గాలం అటక మీద గుడ్డలో చుట్టి ఉండేది, దాన్ని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు నేను.

"కిందపడితే కూడా మాట్లాడకూడదా?"

"ఊహుఁ."

"తుమ్ము వస్తే?"

"తుమ్ము మాట కాదులే, తుమ్ముకో."

రెండు కోట్లు, ఉన్ని టోపీ, ఎర్ర బూట్లు వేసి, ఉడికించిన గుడ్లు సంచిలో పెట్టి, ఆ ఒక్క పూటకీ తాత గాలం అటక దింపి చేతికిచ్చి బయలుదేరదీశాను. దారిపొడుగునా మాట్లాడింది. ముందుగానే మాటలు ఖర్చుపెట్టేసుకుంటున్నట్టు ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. గేటు దగ్గర ఆగి, గట్టిగా గాలి పీల్చి, పెదాలు బిగించి లోపలికి అడుగు వేసింది.

గేటు తీసింది కాపలా ఆయన. ఆయన్ని ఊరందరూ మైకు అంటారు. గుసగుసలాడినా వీధి చివరిదాకా వినపడే గొంతు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. పందెం సంగతి చెప్పగానే ఆయనకి హుషారొచ్చింది.

"ఏం తల్లీ, నీ పేరేంటి?"

వసపిట్ట రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అక్కా, నువ్వు చెప్పు. మీ మనవరాలికి మాటలు రావా?"

"దాని బూటులోకి కప్ప దూరిందయ్యా, అందుకని మాట్లాడటం లేదు" అన్నాను.

పాపం అది కింద కూర్చుని బూటు విప్పి, దులిపి, మళ్ళీ తొడుక్కుని నాకేసి గుర్రుగా చూసింది. మైకు కడుపు పట్టుకుని నవ్వాడు. కాసేపటికి, నేను ఎర గుచ్చుతూ గట్టు మలుపులో కూర్చుని ఉంటే, ఆయన తన కాపలా షెడ్డు వెనక నుంచి ఒక్క కేక పెట్టాడు. "అమ్మో, నానమ్మ నీళ్ళలో పడిపోయింది, రా తల్లీ."

అది పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం తెల్లబోయి ఉంది. నేను కూర్చుని నవ్వుతుండటం చూసింది. కాలు నేలకేసి కొట్టింది, వేలు చూపించి బెదిరించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఒక్క ముక్క బయటికి రాలేదు. ఇక మీ మాటలు నమ్మను అన్నట్టు తల అడ్డంగా ఊపి, వెళ్ళి తన చోట కూర్చుంది. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

చెరువులోకి చెక్కల దారి ఒకటి ఉంది. మోటారు పైపు నీళ్ళ నడిమిదాకా తీసుకెళ్ళడానికి వేసింది. మర్నాడు పైపు నీళ్ళలోకి దించడానికి మైకు అప్పుడే దాని మధ్యలో చెక్కలు పీకి పక్కన పెట్టాడు. అటు వెళ్ళొద్దని వేలు చూపించి మరీ చెప్పాను. తల ఊపింది. పాలడబ్బాలో వానపాములు, చేతిలో తాత గాలం, కళ్ళు నీళ్ళ మీద తేలే బెండు మీద. ఎంత ముద్దుగా కూర్చుందో.

గాలి మారింది. సన్నటి జల్లు మొదలైంది. జల్లు కూడా కాదు, సూదుల్లా గుచ్చుకునే మంచుతుంపర. దాని ముక్కు కొస ఎర్రబడింది. పోదామా అని సైగ చేశాను. అది చేతులు జోడించి, ఇంకాసేపు అని బతిమాలింది. షెడ్డులో గోనెపట్టాలు ఉన్నాయి, ఒకటి తెచ్చి కప్పుదాం అనుకున్నాను. "ఇక్కడే ఉండు, కదలకు" అని చెప్పి లేచాను. షెడ్డు కనిపిస్తూనే ఉంది. ఎంత దూరం గనక.

పట్టా దులుపుతుంటే మైకు టీ గ్లాసు చేతికిచ్చాడు. రెండు గుక్కలు తాగానో లేదో, గుమ్మంలో వెలుతురు మసకబారింది. బయటికి చూస్తే చెరువు లేదు. గట్టు లేదు. కంచె లేదు. ఎవరో తెల్లటి దుప్పటి తెచ్చి గుమ్మానికి అడ్డంగా కట్టినట్టు పొగమంచు నిలబడి ఉంది.

గ్లాసు అక్కడే పడేసి నడిచాను. కాళ్ళకింద గడ్డి కరకరలాడుతుంటే ఆ గడ్డినే ఆనవాలు పట్టుకుని గట్టు దాకా వెళ్ళాను. పాలడబ్బా దొరికింది. గుడ్ల సంచి దొరికింది. పిల్ల లేదు.

"అమ్మడూ" అని పిలిచాను.

ఉలుకూ పలుకూ లేదు.

"వసపిట్టా, ఎక్కడున్నావే? నానమ్మనే. పలుకు తల్లీ."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వెనక నుంచి మైకు వచ్చి, ఆ గొంతుతో చెరువంతా దద్దరిల్లేలా అరిచాడు. ఆ అరుపు మంచులో పడి ఎటు పోయిందో కూడా తెలియలేదు. అప్పుడు నీళ్ళలో బుడుంగుమని చప్పుడైంది. ఏదో బరువైనది పడ్డట్టు. మా కుడివైపో ఎడమవైపో చెప్పలేను.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మైకు చొక్కా విప్పబోయి ఆగి నా మొహంలోకి చూశాడు.

"అక్కా, నాకు ఈత రాదు."

"చెరువు కాపలావాడివి, ఈత రాకపోవడమేంటయ్యా?"

"దొంగల్ని పట్టుకోమన్నారు గానీ మునిగేవాళ్ళని కాదు గదక్కా" అంటూనే ఏడుపందుకున్నాడు.

ఈత నాకు వచ్చు. ఎక్కడ దూకను? అంత నీళ్ళలో, నాలుగడుగుల అవతల ఏదీ కనపడని మంచులో, ఏ వైపు దూకను? మళ్ళీ పిలిచాను. తిట్టాను. బతిమాలాను. "పందెం లేదు ఏమీ లేదు, నువ్వే గెలిచావు, ఒక్కసారి పలకవే" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకు తట్టింది. ఇలాంటి మాటలు పొద్దుట్నుంచి ఎన్ని చెప్పాం దానికి. కప్ప దూరిందన్నాను. నీళ్ళలో పడ్డానని ఆయన కేకేశాడు. అది బతికుంటే, మా అరుపులు విని మంచులో ఎక్కడో పెదాలు బిగించుకుని కూర్చుని ఉంటుంది. మేం ఎంత ఏడిస్తే అంత బాగా నటిస్తున్నాం అనుకుంటూ ఉంటుంది.

బతికుంటే.

"తమ్ముడూ, నోరు ముయ్" అన్నాను.

"అక్కా..."

"నీకు దణ్ణం పెడతాను. ఊపిరి కూడా గట్టిగా తీయకు."

పాలడబ్బా బోర్లించి, రాయి ఒకటి వెతికి పట్టుకున్నాను. వేళ్ళు కొయ్యబారిపోయి రాయి నిలవడం లేదు. ఒక్క దెబ్బ కొట్టాను.

ఎక్కడున్నావు.

ఏమీ లేదు. మంచు కదులుతున్న చప్పుడు ఉంటుందంటే నమ్ముతారా, అది కూడా వినపడింది నాకు. నా టోపీ అంచు నుంచి నీటిచుక్క జారి డబ్బా మీద పడింది. మైకు రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు. మా కోడలు సాయంత్రం గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పకుండా ఎదురుచూస్తుంది, దీని గోల మొదలవ్వాలని. అదే కళ్ళముందు ఆడింది.

ఇంకో దెబ్బ కొట్టాను.

టక్. టక్.

సన్నగా వచ్చింది. ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది, వచ్చినంత వేగంగా జారిపోయింది. ఎందుకంటే అది మట్టి మీద చప్పుడు కాదు. రాయి మీదదీ కాదు. కింద ఖాళీ ఉన్న చెక్క మీది చప్పుడు. పడవ మీద బతికినదాన్ని, నాకు తెలియదా. పిల్ల చెక్కల దారి మీద ఉంది. చప్పుడు వచ్చిన దూరాన్ని బట్టి, చెక్కలు పీకేసిన చోటు దాటి, నీళ్ళ నడిమిన.

మైకు చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. చెక్కలు మొదలైన చోట మోకాళ్ళ మీద వంగాను. పైన నూగుమంచు పేరుకుని సబ్బు రాసినట్టున్నాయి. ఈ వయసులో పాకడం అంటే నవ్వులాటగా ఉంటుంది, కానీ ఆ రోజు నా మోకాళ్ళు ఒక్క మాట అనలేదు. కొంచెం పాకడం, ఆగి ఒక్క దెబ్బ కొట్టడం. ముందు నుంచి రెండు దెబ్బలు. అవి దగ్గరవుతున్న కొద్దీ నాకు భయం ఎక్కువైంది. దాని కాలు కదిలిన ప్రతిసారీ చెక్క ఊగడం నా అరచేతులకి తెలుస్తోంది.

చెయ్యి ముందుకు పెడితే చెక్క లేదు. నీళ్ళు నల్లగా, దగ్గరగా ఉన్నాయి. రెండు వైపులా సన్నటి దూలాలు మాత్రం మిగిలాయి. అవతల మంచులోంచి ముందు ఎర్రబూట్లు కనిపించాయి. తర్వాత పిల్ల. చెక్క చివర కూర్చుని, గాలం రెండు చేతులతో గుండెకి హత్తుకుని, బూటు మడమతో చెక్కని కొడుతోంది. గాలం వంగిపోయి ఉంది. దాని చివర ఏదో పెద్ద చేప గుంజుతోంది, పిల్ల మెల్లమెల్లగా జారుతోంది, జారుతున్నట్టు దానికి తెలియడం లేదు. పెదాలు నీలంగా మారాయి. నన్ను చూసి నవ్వింది.

"గాలం వదిలేయ్ తల్లీ" అన్నాను మెల్లగా. "వదిలేసి దూలం పట్టుకుని రా. నువ్వు గెలిచావు. నిజంగా."

తల అడ్డంగా ఊపింది. నన్ను మోసం చేయలేవులే అన్నట్టు కళ్ళు చిట్లించింది.

"ఒట్టు."

మళ్ళీ అదే నవ్వు. చేప గుంజింది. ఇంకాస్త జారింది. బూట్లు గాల్లోకి వచ్చాయి.

నా నోటికి విలువ లేదు. అప్పుడు రెండు పిడికిళ్ళు బిగించి చెక్క మీద కొట్టడం మొదలుపెట్టాను. ఆపకుండా, టకటకా, గాలి లేచినప్పుడు మా ఆయన కొట్టినట్టు. చేతులు పగిలి నెత్తురు వచ్చినా ఆపలేదు.

దాని నవ్వు పోయింది. నా చేతుల వైపు చూసింది, నా మొహంలోకి చూసింది. తాత గాలాన్ని ఒక్కసారి చూసుకుని, వేళ్ళు విప్పేసింది. గాలం సర్రున మంచులోకి పోయింది. బోర్లా పడుకుని, దూలాన్ని చేతులతో కాళ్ళతో చుట్టుకుని, నా వైపు పాకడం మొదలుపెట్టింది. నేను కొడుతూనే ఉన్నాను. సగం దూరం వచ్చాక మోకాలు జారింది. నడుము దాకా నీళ్ళలోకి దిగిపోయింది. అప్పుడు కూడా అరవలేదు.

కోటు కాలరు దొరికింది నాకు. సగం శరీరం నీళ్ళ మీదికి వేలాడేసి పట్టుకున్నాను. వెనక మైకు నా కాళ్ళు రెండూ పట్టుకుని, చప్పుడు చేయకుండా వెక్కివెక్కి ఏడుస్తూ లాగాడు. ఒక ఎర్రబూటు నీళ్ళకి వదిలేసి, పిల్లని చెక్క మీదికి చేర్చుకున్నాం.

షెడ్డులో పొయ్యి రాజేశాడు మైకు. తడిబట్టలన్నీ విప్పి, నా చీర మీద ఉన్న స్వెట్టరు దానికి తొడిగి, గోనెపట్టాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. అరికాళ్ళు రుద్దాను. వేడి టీ గుక్క గుక్కగా పట్టాను. రంగు మెల్లగా తిరిగి వచ్చింది. పళ్ళు టకటకలాడటం తగ్గింది. కానీ మాట లేదు.

"ఇక మాట్లాడవే" అన్నాను.

చూస్తోంది.

"దెబ్బ తగిలిందా? ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

లేదని తల ఊపింది. మైకు నా చెవి దగ్గరికి వచ్చి, ఆయన జన్మలో మొదటిసారి నిజంగా గుసగుసలాడాడు. "అక్కా, భయానికి నోరు పడిపోలేదు కదా?"

నేను ఆ మాట అనుకోకూడదని అనుకుంటూనే ఉన్నాను. ఆయన అనేశాడు. పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. పట్టాలోంచి చెయ్యి బయటికి తీసి, గుమ్మం వైపు వేలు చూపించింది. బయట మంచు తప్ప ఏముంది. మళ్ళీ చూపించింది, విసుగ్గా, నాకు బుర్ర లేదన్నట్టు.

గేటు.

ఎత్తుకుని లేచాను. మైకు ముందు లాంతరు పట్టుకుని నడిచాడు, కంచె తడుముకుంటూ. అంత బరువు నేను ఎలా మోశానో నాకు తెలియదు. గేటు కిర్రుమంది. అవతలి వైపు నా కాలు పడింది. పడిందో లేదో పిల్ల కిందికి వంగి చూసి, నిర్ధారణ చేసుకుని, నా మెడ చుట్టూ చేతులు వేసింది.

"గెలిచాను కదా నానమ్మా" అంది.

దాని గొంతు బొంగురుపోయి ఉంది. గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయాను. మైకు అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"గెలిచావు. నీ అంత వాళ్ళు లేరు."

"గాలం పోయింది మరి."

"రేపు నీళ్ళు తోడితే బురదలో దొరుకుతుంది తల్లీ" అన్నాడు మైకు. "నేనే తెచ్చిస్తాను."

"చేప తీసుకెళ్ళిపోయిందేమో తాతా. అది చాలా పెద్దది. ముందు బెండు మునిగింది, నేను లాగాను, అది నన్నే లాగింది, నేను దాని వెనకే నడిచాను, నడిచి నడిచి చెక్కలెక్కాను, మధ్యలో చెక్కలు లేవు, దూలం మీద కూర్చుని జరిగాను, అప్పుడు మీరు అరిచారు, నాకు నవ్వొచ్చింది. నానమ్మ భలే ఏడుస్తోంది, అచ్చం నిజంగా ఏడ్చినట్టే ఏడుస్తోంది అనుకున్నాను."

ఇంటిదారి పట్టాం. మంచు ఇంకా విడవలేదు. అడుగు తడుముకుంటూ వేస్తున్నాను. భుజం మీద అది చెప్తూనే ఉంది, చేప ఎగిరి బుడుంగుమని పడటం, చెక్క మీద బూటు కొట్టడం, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో.

"ఇవన్నీ అమ్మకి చెప్పనా నానమ్మా?"

"చెప్పు. ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

"నిన్ను తిడుతుంది."

"తిట్టనీ."

కాసేపు ఆగింది. మెడ దగ్గర దాని ఊపిరి వెచ్చగా తగులుతూనే ఉంది. అయినా నా కాళ్ళు నడక మానేశాయి. చుట్టూ తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది.

"ఆగకే" అన్నాను. "ఊఁ, తర్వాత?"